ఊపిరి వదిలినాడు

నర్సు ట్రైనింగులో నేర్చుకున్న పనుల్లో నేను ఇప్పటికీ కలలో చేసేది ఒకటే, ఇంకో మనిషికి ఊపిరి పోయడం. అరవైల మొదట్లో నెల్లూరులో మా ఆస్పత్రికి శ్వాస మిషన్లు ఎక్కడివి? ఒక నల్ల రబ్బరు సంచి ఉండేది. రోగి గొంతులో గొట్టం వేసి, దానికి సంచి తగిలించి చేత్తో పిసకాలి. మిషనంటే మేమే.

ఒక పొద్దున మైపాడు నుంచి చేపలు పట్టే ఆయన్ని తెచ్చారు. ఒడ్డున వల మీద పడుకుని ఉంటే కట్లపాము కరిచింది. విషానికి ఇంజక్షన్ వేసేలోపే రెప్పలు వాలిపోయాయి, ఊపిరి ఆగిపోయేట్టుంది. డాక్టరు గారు గొట్టం వేసి, విషం దిగేదాకా గాలి అందితే బతుకుతాడు, అందకపోతే లేదు అని చెప్పి వెళ్ళారు. ఆయన భార్య తలుపు బయట గోడకి ఆనుకుని కూర్చుంది.

మాకు పని నేర్పే వార్డు సిస్టరు గారు నా పాఠం అక్కడే మొదలుపెట్టింది. ఛాతీ లేచేంత వరకే పిసకాలి. రెండు పక్కలా సమంగా లేస్తోందా చూడాలి. ఆ తరువాత చెయ్యి సడలించి, ఛాతీని పూర్తిగా దిగనివ్వాలి. లోపలి గాలి బయటికి రాకముందే మళ్ళీ నొక్కితే ఊపిరితిత్తులు ఉబ్బిపోతాయి. నాకేమో ఎప్పుడూ తొందరే. సైకిలుకి గాలి కొట్టినా ట్యూబు పగిలేదాకా కొట్టే రకం. ఆవిడ నా మణికట్టు పట్టుకుని ఆపేది. నువ్వు పీల్చేటప్పుడు అతనికియ్యి, నువ్వు వదిలేటప్పుడు అతన్ని వదలనీ అని చెప్పింది.

మధ్యాహ్నమైంది. తూర్పు గాలికి కిటికీ తెర ఉబ్బేది, వాలేది. సంచీ అంతే, అతని ఛాతీ అంతే, నాదీ అంతే. కాసేపటికి ఏ ఊపిరి ఎవరిదో తెలియలేదు. ఫినాయిలు వాసన పోయి ఉప్పు వాసన వచ్చింది. నేను మంచం పక్కన లేను, మైపాడు ఒడ్డున మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడ్డాను. అల వస్తోంది, పోతోంది, పాదాల కింద ఇసుక జారుతోంది. ఒక మనిషి చావుబతుకుల్లో ఉండగా నాకంత హాయి ఎట్లా కలిగిందో ఇప్పటికీ అర్థం కాదు.

నా వాలకం చూసి కాబోలు, సిస్టరు గారు తలుపు దగ్గర నుంచే గట్టిగా అడిగింది.

"ఊపిరి వదిలినాడా?"

ఛాతీ దిగడం చూసి నేనూ అంతే గట్టిగా చెప్పాను.

"వదిలినాడు."

బయట ఒక్క కేక. ఊపిరి వదిలినాడంటే తెలుగునాట ఎక్కడైనా చచ్చిపోయాడనే. పాఠంలో పడి ఇద్దరం ఆ సంగతే మరిచాం. అతని భార్య లోపలికి పరిగెత్తుకొచ్చి అతని కాళ్ళ మీద పడింది. నేను సంచి వదిలి ఓదార్చడానికి లేదు. నేనన్న ఆ మాట మీద నాకే ఒళ్ళు మండిపోయింది. సిస్టరు గారు ఆమె చెయ్యి తీసి అతని ఛాతీ మీద పెట్టింది. నేను పిసికాను, ఆ చెయ్యి లేచింది. సడలించాను, దిగింది. ఆమె ఏడుస్తూనే అక్కడ కూర్చుండిపోయింది, చెయ్యి మాత్రం తియ్యలేదు. ఆ తరువాత మేము "గాలి దిగిందా" అనే ఒకరినొకరం అడిగేవాళ్ళం.

వంతులు వేసుకుని పిసికాం. మరునాడు పొద్దెక్కాక అతని ఛాతీ నా చేతికంటే ముందే తనంతట తాను లేచింది. నేను చెయ్యి ఆపి చూశాను. మళ్ళీ లేచింది.

గొట్టం తీశాక, నోట మాట రాగానే అతను నన్ను గొంతు విని గుర్తుపట్టాడు. ఆ విషానికి రెప్ప కూడా కదలదు కానీ చెవులు వింటూనే ఉంటాయని నేను చదివిందే, తీరా అప్పుడు గుర్తు రాలేదు.

"వదిలినాడు అన్నావు గదమ్మా," అన్నాడు బొంగురు గొంతుతో. "సరే, పొయ్యినాంలే అనుకున్నా. ఇది ఏడస్తా ఉండాది, నేను వింటా ఉండా. అంతలోకే మళ్ళా గాలొచ్చింది. చచ్చినోడికి గూడా గాలి పెడతా ఉండారే, ఎంత మంచోళ్ళో అనుకున్నా."

అతని భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. నేను సంచి కడగాలని చెప్పి బయటికి వెళ్ళి, కుళాయి దగ్గర నిలబడి ఏడ్చాను.