ఖాళీ గడుల్లో సున్నాలు

పోయిన మనిషి పేరు మీద మా ఆఫీసు అబద్ధం రాసింది. మా ఆఫీసులో సర్వే చేసే అక్క సోమవారం పొద్దున దవాఖానలో గుండె ఆగి పోయింది. బుధవారం నేను కంప్యూటర్ తెరిచేసరికి ఆమె ఖాళీగా వదిలిన గడులన్నిటిలో సున్నాలు తిష్ఠ వేసి ఉన్నాయి. పక్కనే 'సర్వే చేసినవారు' అన్న గడిలో ఆమె పేరు.

తెలియనివాళ్లకు చెబుతాను. కొత్తపేటలోని మా ఆఫీసులో, వాన పడితే నీళ్లు నిలిచే వీధులకు మ్యాప్ చేస్తున్నాం. తెర మీద ఒక్కో వీధి ఒక గీత. ఆ గీత వెనక పట్టికలో ఒక వరుస: వీధి పేరు, నీళ్లు ఎంత లోతు నిలుస్తాయి, ఎవరు వెళ్లి అడిగి వచ్చారు. లోతు రాస్తే గీత ఎర్రగా మారుతుంది, సున్నా రాస్తే ఆకుపచ్చ, ఖాళీగా ఉంటే బూడిద రంగు. వానాకాలంలో నీళ్లు తోడే మోటార్లు ఎక్కడ పెట్టాలో ఈ రంగులు చూసే నిర్ణయిస్తారు.

నేను చైతన్యపురి హాస్టల్లో వీడియోలు చూసి ఈ సాఫ్ట్‌వేర్ నేర్చుకున్నదాన్ని. నాకు బటన్లు వచ్చు, అంతే. పట్టిక అంటే ఏమిటో నేర్పింది అక్క. ఎల్బీనగర్ నుంచి బస్సులో వచ్చేది. హ్యాండ్‌బ్యాగులో టిఫిన్ డబ్బా, దాని మీద చుట్టచుట్టిన టైలర్ టేపు. "ఏం పిల్లా, కుర్చీల కూసుంటె వీధి నీ దగ్గరికొస్తదా? లే" అని నన్ను లేపుకుపోయేది.

ఒకసారి ఒక గల్లీలో బట్టలు ఆరేస్తున్న ఒకామెను అక్క పలకరించింది. "అమ్మా, పోయిన వానకు నీళ్లు ఎంతదాంక ఒచ్చినయ్?"

"గా గేటు గొళ్లెం దాంక. గ్యాస్ సిలిండర్ తేలింది, ఏం జెప్పాలె!"

"నిండుదా, ఖాళీదా?"

"ఖాళీదే అక్కా."

"బతికిచ్చినవ్. నిండుదైతె దానికో కాలమ్ పెట్టాల్సి ఒచ్చేది."

ఇద్దరూ నవ్వారు. నవ్వుతూనే అక్క వంగి, నేల నుంచి గొళ్లెం దాకా టేపు పట్టింది.

అడగని వీధి గడిని మాత్రం ముట్టేది కాదు. మేనేజర్ గారు విసుక్కునేవారు. "ఏంటమ్మా ఇది, మ్యాప్ నిండా బూడిదే! క్లయింటుకి ఏం చూపించమంటారు?"

"గదే చూపెట్టుండ్రి సార్. ఖాళీ అంటే నీళ్లు లేవని కాదు, మనం పోలేదని. సున్నా పెట్టాలంటే ఆడ పోయి నిలబడాలె. ఒక్కసారి సున్నా పెడితె మల్ల ఎవ్వరు పోరు."

అడగకుండా మిగిలినవి నాలా, అంటే పెద్ద మురుగుకాలువ, పక్క గల్లీలు. అన్నిటికంటే పల్లం అవే. "జర ఆయాసం తగ్గనీ పిల్లా, పోదాం" అంది. నాతో ఆమె అన్న చివరి మాట అది.

మంగళవారం సమాధుల తోటలో పాస్టరు ప్రార్థన ముగించాక, మేనేజర్ గారు పూలదండ వేసి, ఆమె లోటు తీరనిదన్నారు. ఆ సాయంత్రమే తీర్చేశారు, సున్నాలతో. ఒక్క ఫార్ములా కొడితే గడులన్నీ నిండిపోతాయి. నాలా పక్క గల్లీలు ఇప్పుడు ఆకుపచ్చగా, పండగలా ఉన్నాయి.

"ఇట్ల ఎందుకు చేసిండ్రు సార్?" అని అడిగాను.

"శనివారం ఫైల్ పంపాలమ్మా. ఖాళీలుంటే వెనక్కి కొడతారు."

"మరి ఆమె పేరెందుకు?"

"సర్వే చేసింది ఆవిడే కదా! సెంటిమెంట్లు పెట్టుకోకు."

సెంటిమెంటు కాదు సార్. రేపు ఆ గల్లీలో గొళ్లెం దాకా నీళ్లొస్తే, మోటారు రాకపోతే, జనం పట్టికలో ఎవరి పేరు చూస్తారు? జవాబు చెప్పడానికి ఆమె లేదు. అందుకేగా ఆ పేరు అక్కడ ఉంచారు?

ఇది మీరూ చదువుతారని తెలుసు సార్. ఆ సున్నాలు తీసేయండి. ఆమె వెళ్లని వీధుల మీంచి ఆమె పేరు తీసేయండి. అడిగి రావడానికి నేనున్నాను, అక్క కూతురు ఇచ్చిన టేపు నా దగ్గరుంది. శుక్రవారం సాయంత్రం ఆరులోపు జవాబు కావాలి. నోటిమాట వద్దు. ఆరింటికి నేను మ్యాప్ తెరుస్తాను. నాలా పక్క గల్లీలు బూడిద రంగులో కనిపించాలి, అక్క ఇంకా వెళ్లవలసినట్టుగా.