అడగ్గానే తగ్గిన ధర

మట్టిలో కలిసిపోయే సంచులు అమ్మడం నా ఉద్యోగం. బొబ్బిలి కిరాణా షావుకారు ఆర్డరిస్తేనే అది నిలుస్తుందని కంపెనీ తేల్చి చెప్పింది. మా నాన్న కొట్లో గల్లా పక్కన పెరిగినవాణ్ణి, నాకేం భయం అనుకున్నాను. వెళ్ళినప్పుడల్లా ఆయన ధర దించమనేవాడు. నేను అలిగి గుమ్మం దాకా నడిచేవాణ్ణి. ఆయన "అల్లుడూ" అని వరస కలిపి వెనక్కి పిలిచి టీ తెప్పించేవాడు. బేరం ఆ లెక్కన చక్కగా పండుతోంది.

ఒకరోజు విశాఖ నుంచి మా మేనేజరు కూడా వచ్చాడు. షావుకారు అలవాటుగా, "సగానికిచ్చీ బావూ" అన్నాడు. నేను అలిగి లేచేలోపే మేనేజరు నవ్వుతూ, "అలాగే సార్, పర్యావరణం కోసం" అనేశాడు.

షావుకారు చేతిలోని సంచిని బల్ల మీద పడేసి నావైపు తిరిగాడు. "ఏటల్లుడూ, అడగ్గానే ఇచ్చీసినాడు? సరుకులో ఏదో లోపమున్నాది. నాకొద్దు."

"పోనీ, పాత ధరకే తీసుకో మావా!" అన్నాను.

"అంటే ఇన్నాళ్ళూ నువ్వు నన్ను దోసీడానికే తిరిగినావన్నమాట!"

తిరుగు కారులో మేనేజరు, "ఈ ఊళ్ళవాళ్ళకి పర్యావరణం పట్టదోయ్" అని నిట్టూర్చాడు. రిపోర్టులోనూ అదే రాశాడు. నెలాఖరుకి నన్ను తీసేశారు. ఆయన ఇప్పుడు కొత్తగా చేరినవాళ్ళకి అమ్మకాలు నేర్పుతున్నాడట.