శ్రీశైలం అన్న ఏం తినేవాడో వాళ్ల నాయినకి తెలిసిన రోజు

నిన్న పొద్దున చిక్కడపల్లి లైబ్రరీలో ఉండగా హాస్టల్ నుంచి ఫోన్.

"శ్రీశైలం అన్న పోయిండురా."

ఏ శ్రీశైలం అని అడిగాను. నాకు తెలిసిన శ్రీశైలం ఒక్కడే. అయినా అడిగాను.

హార్ట్ ఎటాక్ అట. ముప్పై ఒక్కేళ్లు.

మాతో పరిచయం లేనివాళ్ల కోసం చెప్తున్నా. అన్న నా రూమ్మేట్. పుట్టుకతోనే చూపు లేదు. గ్రూప్స్‌కి ప్రిపేర్ అవుతూ ఐదేళ్లుగా అశోక్‌నగర్‌లోనే ఉన్నాడు.

నేను ఊరి నుంచి వచ్చిన కొత్తలో మా గల్లీ చివరి ఫుడ్ కోర్ట్ అంటే భయపడేవాణ్ని. రేకుల షెడ్ కింద వరసగా బండ్లు, తోసుకునే జనం, అరుపులు. ఎక్కడ నిలబడాలో, ఎవరిని అడగాలో తెలిసేది కాదు. మొదటి వారమంతా బిస్కెట్లే.

అది పసిగట్టింది అన్న ఒక్కడే. నా భుజం మీద చెయ్యి వేసి, "నడువ్, పోదాం" అన్నాడు.

"ఎడమ దిక్కు పెనం సుయ్ మంటుంది విను, గదే దోశ బండి. గా పక్కన ఇడ్లీ మూత ఇప్పుడే తీసిండ్రు, జల్ది పో."

ఆ రోజు కడుపు నిండా తిన్నాను. ఆ తర్వాత ఎప్పుడూ ఒంటరిగా తినలేదు.

పోయిన ఎండాకాలం ఒక సాయంత్రం. ఒక్క కుర్చీ ఖాళీ లేదు. మేం రోజూ తినే లక్ష్మక్క ఇడ్లీ బండి దగ్గర పునుగులు తింటూ అన్న సడన్‌గా ఆగిపోయాడు.

"అక్కా, గ్యాస్ వాసనొస్తుంది."

మాకెవరికీ రాలేదు. అక్క నవ్వింది. "నూనె వాసన తమ్మీ."

"కాదక్కా. జర నా మాటిను. స్టౌ బంద్ చెయ్."

లైన్‌లో ఉన్నవాళ్లు విసుక్కున్నారు. "కనిపియ్యకున్నా అన్నీ ఈయనకే తెలుసు" అని ఒకడు వెనక నుంచి అన్నాడు. నాకు కోపమొచ్చింది. అన్న మాత్రం అక్క స్టౌ ఆపేదాకా అక్కడి నుంచి కదల్లేదు.

వంగి చూస్తే సిలిండర్ పైపు అడుగున చీలి ఉంది.

అక్క గబగబా రెగ్యులేటర్ ఆపేసింది. కొత్త పైపు వేసేదాకా అన్న పక్కనే కూర్చుని, "ఇగ పెట్టక్కా, ఆకలైతుంది" అన్నాడు.

నిన్న ఆసుపత్రికి వాళ్ల నాయిన వచ్చారు. ఊళ్లో వ్యవసాయం. గోడకి ఆనుకుని నిలబడ్డారు. ఏడవలేదు.

విషయం తెలిసి లక్ష్మక్క బండి మూసేసి, ఇడ్లీ పొట్లం కట్టుకుని ఆటోలో వచ్చింది.

"నువ్వెవరు బిడ్డా?" అని అడిగారాయన.

"మీ కొడుకు రోజు నాకాడనే తింటుండె పెద్దయ్యా."

ఆయన పొట్లం విప్పారు. ఒక ముద్ద నోట్లో పెట్టుకుని చాలాసేపు నమిలారు.

"ఐదేండ్ల సంది నాకిదే రంది బిడ్డా. కండ్లు లేని పోరడు, పట్నంల ఏం తింటుండో, ఎవలు పెడ్తుండ్రో అని."

అప్పుడు ఏడ్చారు. అక్క ఆయన చెయ్యి పట్టుకుంది.

వెళ్ళిరా అన్నా. నీకు శాంతి దొరకాలి. మీ నాయినకి కూడా.