కోటమ్మ ముఖం కడుక్కున్న రోజు

నిన్న మధ్యాహ్నం ఆడిషన్‌కి ఒక అమ్మాయి వచ్చింది. తలుపు తీయగానే ఆమెకంటే ముందు రోజ్ పౌడరు వాసన లోపలికి వచ్చింది. హైదరాబాదులో సినిమాలకు నటీనటులను వెతికిపెట్టే పని నాది, కాబట్టి పౌడరు వాసనలకు నా ముక్కు ఎప్పుడో అలవాటు పడిపోయింది. కానీ కొంచెం గులాబీ, కొంచెం సుద్దముక్క కలిసినట్టుండే ఆ పాతకాలపు వాసన ఈమధ్య ఎక్కడా తగలడం లేదు. ఆ పిల్ల మెడ నల్లగా ఉంది, ముఖం మాత్రం గులాబీ రంగులో ఉంది. రెండింటికీ మధ్య గడ్డం కింద పొలం గట్టులా ఒక గీత. నాకు నవ్వు రాలేదు. నరసరావుపేటలో ఒక గ్రీన్ రూము, అద్దం ముందు కూర్చున్న తొమ్మిదో తరగతి మంగ, ఆమె వెనక నిలబడిన అనసూయమ్మ టీచర్ కళ్లముందుకు వచ్చారు. ఆ మంగను నేనే. టీచర్ పోయి ఏడాది కావస్తోంది. ఆవిడ గురించి రాయాలని అప్పటినుంచీ అనుకుంటూ వాయిదా వేస్తున్నదాన్ని, ఆ వాసన పట్టుకొచ్చి కూర్చోబెట్టింది.

మా నాన్న దాచేపల్లి నుంచి సిమెంటు లారీ తోలేవాడు. ఆయన రంగే నాకూ వచ్చింది. ఆయన నలుపు గురించి ఎవరూ ఎప్పుడూ ఒక్క మాట అనలేదు గానీ, నా నలుపు గురించి మా వీధిలో అనని వాళ్లు లేరు. ఆదివారం వస్తే నాయనమ్మ శనగపిండి, పసుపు, మీగడ కలిపి చర్మం ఊడొచ్చేలా నలుగు పెట్టేది. నేను ఏడిస్తే "ఊరుకోవే, నలుపు నారాయణుడు మెచ్చు" అని ఓదార్చేది. మా అమ్మ మాత్రం ఊరుకునేది కాదు. "నారాయణుడు మెచ్చితే సరిపోయిద్దా అత్తా? చూడొచ్చినోడు మెచ్చొద్దూ?" అనేది. అమ్మకు నా మీద ప్రేమ లేక కాదు. నా పెళ్లి గురించి బెంగ అలా బయటపడేది.

అనసూయమ్మ గారు మా బళ్లో సోషల్ చెప్పేవారు. పొట్టి మనిషి, గొంతు మాత్రం మూడో వీధికి వినపడేది. వాళ్లది కిరాణా కొట్టు ఉన్న కుటుంబం. పెళ్లి చేసుకోలేదు, అన్నగారి కుటుంబంతో ఉండేవారు. ఆవిడ జీవితంలో ఒకే ఒక్క చిన్న నవల రాశారు. సొంత డబ్బులతో అచ్చు వేయించుకున్నారు. అమ్ముడుపోని కాపీలన్నీ కొట్టు అటక మీద బెల్లం దిమ్మల పక్కన ఉండేవి. ఆవిడ పుస్తకం చదవాలంటే ముందు చీమలు దులపాలని అన్నగారు ఏడిపించేవారు. "చీమలకైనా రుచించింది కదా అన్నయ్యా" అని ఆవిడ నవ్వేసేవారు.

ఆ నవల పిడుగురాళ్ల సున్నపు బట్టీల్లో పనిచేసే కోటమ్మ అనే కోడలి కథ. కోటమ్మ నలుపు. అత్త పొద్దున లేస్తే "నా కొడుకు పోయిపోయి బొగ్గును కట్టుకున్నాడు" అని దెప్పుతుంది. ఆ పోరు పడలేక కోటమ్మ బట్టీలో పనికి పోతుంది. అక్కడ సున్నం దుమ్ములో అందరూ తెల్లగానే ఉంటారు, ఎవరి రంగూ ఎవరికీ తెలియదు. ఒకరోజు బట్టీ గోడ కూలిందని ఊళ్లోకి కబురు వస్తుంది. అత్త చెప్పులు కూడా లేకుండా పరుగెత్తుకుంటూ వస్తుంది. వచ్చి చూస్తే ఆడవాళ్లందరూ ఒకే తెలుపు. ఎవరు ఎవరో తెలియదు. "నా నల్ల కోడలేదమ్మా? మా నల్లపిల్ల ఏదీ?" అని గుండెలు బాదుకుంటూ ఒక్కొక్కరి ముఖంలోకీ చూస్తుంది. దుమ్ముకు గొంతు పూడుకుపోయి మాట రాని కోటమ్మ, కుళాయి దగ్గరికి పోయి ముఖం కడుక్కుంటుంది. అన్నాళ్లూ దెప్పిన ఆ నలుపును చూసి అత్త ఆమెను వాటేసుకుంటుంది. కథంతా ఇంతే.

దాన్నే టీచర్ బడిపిల్లల నాటికగా మార్చి నరసరావుపేటలో జరిగే పోటీలకు తీసుకెళ్లాలనుకున్నారు. కోటమ్మ వేషం స్రవంతిదేనని మేమంతా ముందే అనుకున్నాం. స్రవంతి వాళ్ల నాన్న ఊళ్లో నాయకుడు, ఆ పిల్ల పాలమీగడలా ఉండేది. టీచర్ క్లాసంతా కలయజూసి, వెనక బెంచీలో ఉన్న నన్ను లేపారు. నన్నెందుకు లేపారో నాకు తెలియలేదు, హోంవర్కు గురించేమో అనుకున్నాను. కోటమ్మ వేషం నాదేనన్నారు. ఇక ముసలి అత్త వేషం మా క్లాసులోని ముంతాజుకు ఇచ్చారు. హెడ్మిస్ట్రెస్ గారు టీచర్‌ను పిలిచి అడుగుతుంటే మేం కిటికీ కింద నక్కి విన్నాం.

"హీరోయిన్ అన్నాక కాస్త కళ ఉండాలి కదండీ?"

"ఆ పిల్లకు కళ లేదని ఎవరన్నారండీ?"

"పోనీ అత్త సంగతేంది? బొట్టు పెట్టుకునే అత్త వేషం సాయిబుల పిల్లకిస్తే వాళ్లూ వీళ్లూ ఏమనుకుంటారు?"

"కోడల్ని సతాయించటానికి మతమేందండీ? మీ అత్తగారు మిమ్మల్ని సతాయించలా?" అన్నారు టీచర్. లోపలి నుంచి పెద్ద నవ్వు వినిపించింది. పెళ్లికాని అనసూయమ్మ గారు తప్ప, అత్తపోరు పడని టీచరమ్మ మా బళ్లో లేదు మరి.

పోటీల రోజున అద్దెకు వచ్చిన మేకప్ ఆయన, వాళ్ల ఆనవాయితీ ప్రకారం, కుర్చీలో కూర్చున్న ప్రతి ముఖానికీ ఒకే రంగు పూసుకుంటూ పోయాడు. రాజైనా కూలివాడైనా ఆయన డబ్బాలో గులాబీ రంగు ఒక్కటే. నా వంతు వచ్చింది. పూత అయ్యాక అద్దంలో చూసుకుని నోరు తెరిచాను. పుట్టి బుద్ధెరిగాక నేను తెల్లగా ఉండటం అదే మొదటిసారి. మా అమ్మ లోపలికి వచ్చి చెంపల దగ్గర మెటికలు విరిచి, "ఎంత బాగున్నావే నా తల్లీ!" అని కళ్లనీళ్లు పెట్టుకుంది. అమ్మ నన్ను చూసి అంత మురిసిపోవడం కూడా అదే మొదటిసారి. ఆ క్షణంలో ఎవరైనా నన్ను అద్దం ముందు నుంచి లేపితే కొరికేసేదాన్ని.

టీచర్ వచ్చి వెనక నిలబడ్డారు. కేకలేస్తారని భయపడ్డాను. ఆవిడ గొంతు తగ్గించి మాట్లాడగా విన్నది అప్పుడే.

"బాగుందే. ఉంచుకోవాలని ఉంటే ఉంచుకో, నేనేమీ అనను. కానీ చివర్లో ముంతాజు నిన్ను వెతుక్కుంటా వచ్చిద్ది కదా. నువ్వు ముఖం కడుక్కుంటావు. అప్పుడు ఆ పిల్లకు కనపడేదెవరు?"

నేను అద్దంలోని గులాబీ ముఖాన్నే చూస్తున్నాను.

"వెతుక్కుంటా వచ్చినోళ్లు గుర్తుపట్టాలి కదే మంగా" అని నా భుజం మీద ఒక తువాలు వేసి వెళ్లిపోయారు.

 నేను లేచి, పెరట్లో పంపు కింద తల పెట్టి, ఆ గులాబీ రంగంతా కడిగేశాను. అమ్మ "అయ్యో అయ్యో" అంటూనే ఉంది. సున్నం పూస్తే ముఖం పొక్కిపోతుంది కాబట్టి బియ్యప్పిండి చల్లుకుని స్టేజీ ఎక్కాను. చివరి రంగంలో బకెట్టు నీళ్లతో ముఖం కడుక్కుని తలెత్తేసరికి, ముంతాజు రిహార్సల్లో నేర్చుకున్న మాటలన్నీ మరిచిపోయి "ఉన్నావా నా నల్లతల్లీ" అని నన్ను పట్టుకుని నిజంగా ఏడ్చేసింది.  హాలంతా ఈలలు, చప్పట్లు. మాకు బహుమతి రాలేదు. న్యాయనిర్ణేతల్లో ఒకాయన, నాటిక బాగుంది గానీ హీరోయిన్‌కు మేకప్ వేయడం మరిచిపోయారని మైకులో చెప్పాడు. ఆటోలో తిరిగి వస్తూ టీచర్ ఆ మాట తలుచుకుని తలుచుకుని నవ్వారు. ఇంటికి వచ్చాక అమ్మ నాకు అన్నం పెడుతూ, "ఆ ముసల్ది నిన్ను వెతుకుతుంటే నాకు కాళ్లూ చేతులూ ఆడలా" అంది. ఆ తర్వాత మా ఇంట్లో శనగపిండి బజ్జీలకే వాడారు.

ఏళ్లు గడిచి నేను సినిమా పనిలో స్థిరపడ్డాక, కిరణ్ అనే కుర్ర దర్శకుడు ఓటీటీకి పల్లెటూరి కథ కావాలన్నాడు. అటక మీది నవల ఇచ్చాను. చదివి ఎగిరి గంతేశాడు. టీచర్ అప్పటికి రిటైరై, గుండెజబ్బుతో మందుల మీద ఉన్నారు. కబురు వినగానే చిన్నపిల్లయిపోయారు. వాళ్ల అన్నగారు కొట్టుకు వచ్చిన ప్రతివాళ్లకూ కందిపప్పుతో పాటు ఆ వార్త కూడా పొట్లం కట్టి ఇచ్చేవారు. కిరణ్ కథలో ఏది మారుస్తానన్నా టీచర్ "మార్చుకో నాయనా" అన్నారు. కథలో వానాకాలం ఎండాకాలమైంది, కోటమ్మ మొగుడికి ఫ్యాక్టరీ ఉద్యోగం వచ్చింది, ఆడబిడ్డ పాత్ర ఎగిరిపోయింది. ఈవిడంత మంచి రచయిత్రి ఉండదని అతను నాతో అన్నాడు. అప్పుడు కోటమ్మగా పేరున్న ఒక నటిని ఖాయం చేశాడు. ఆమె పచ్చటి పసిమి. నలుపు రంగు పూసి నటింపజేస్తానన్నాడు. టీచర్ మొదటిసారి "వద్దు" అన్నారు.

"నటన అంటేనే ఇంకొకరిలా కనపడటం కదా టీచర్? మీరు కూడా ముంతాజ్ గారితో అత్త వేషం వేయించారట. మంగ చెప్పింది" అన్నాడు కిరణ్. తెలివైన ప్రశ్నే. నేను కూడా ఏం చెబుతారా అని చూశాను.

"అత్త వేషం వేసిన పిల్ల మతం వేరైనా కథ ఎక్కడా కుంటలా నాయనా. కోటమ్మ రంగు మారితే అత్త ఎవర్ని వెతుక్కుంటది?" అన్నారు టీచర్. "నా మాటెందుకు? చివరి సీను ముందు తీసి చూడు. నీకు బాగుంటే నేను అడ్డం రాను."

పిడుగురాళ్లలో ఒక పాత బట్టీ దగ్గర పరీక్షగా ఆ సీను తీశారు. టీచర్ గొడుగు కింద ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నారు. నీటికి చెదరని నలుపు రంగు పూశారు, దాని మీద తెల్లటి పొడి. ఆ నటి మంచి నటి, కళ్లతోనే సగం చెప్పేసింది. కుళాయి తిప్పింది, నీళ్లు చల్లుకుంది, రంగు చెదరలేదు. కిరణ్ గర్వంగా టీచర్ వైపు చూశాడు.

"అమ్మాయ్, చానా బాగా చేశావు" అన్నారు టీచర్ ఆమెతో. "కానీ ముఖం కడుక్కుంటన్నట్టు లేదు తల్లీ. ముఖాన్ని కాపాడుకుంటన్నట్టు ఉంది."

ఆ నటి మళ్లీ చేస్తానంది. ఈసారి రెండు చేతులతో గట్టిగా రుద్దుకుంది. నలుపు చారలు చారలుగా చెదిరి, కింద పసిమి బయటపడింది. అత్త వేషం వేసిన ఆవిడ వాటేసుకోబోయి, చేతులు చాపి అలాగే ఆగిపోయింది. నటి అద్దం అడిగి చూసుకుని, "రుద్దితే రంగు పోతోంది, రుద్దకపోతే సీను పోతోంది కిరణ్. ఇది నేను చేయకూడదు" అంది. ఆమె అలా అంటుందని నేను అనుకోలేదు.

తిరిగి వచ్చే దారిలో నాకు ఏడుపొక్కటే తక్కువ. పేరున్న నటి లేకపోతే నిర్మాత చేతులెత్తేస్తాడని నాకు తెలుసు. టీచర్‌కు ఉన్నది ఒక్క పుస్తకం, మళ్లీ ఇంకో అవకాశం వచ్చేదాకా ఆ గుండె ఆగుతుందని ఎవరు చెప్పగలరు?

"ఈ ఒక్కదానికీ ఒప్పుకోండి టీచర్. మీరు తెర మీద చూడొద్దూ?" అని బతిమాలాను.

"చూడాలనే ఉందే. ఎందుకుండదు?" అన్నారు. కళ్లు తడిశాయి. "కానీ తెర మీద కోటమ్మ లేకపోతే నేను చూసేది దేన్ని? అటక మీదుంటే చీమలన్నా తింటయ్."

నెల రోజులు ఏ కబురూ లేదు. అన్నగారు కొట్లో ఆ మాట ఎత్తడం మానేశారు. తర్వాత ఒకరోజు ఆ నటే కిరణ్‌కు ఫోన్ చేసి, బట్టీ యజమాని కూతురి పాత్ర తనకు ఇవ్వమంది. ఆమె పేరు పోస్టరు మీద ఉంటుందని నిర్మాత మెత్తబడ్డాడు. కోటమ్మను వెతికే పని నాది. బొల్లాపల్లి వైపు ఒక ఊళ్లో, కాలేజీ పిల్లల వీధినాటకంలో దొరికింది. నాకంటే ఒక చాయ ఎక్కువే నలుపు. నిన్ను హీరోయిన్‌గా తీసుకుంటున్నాం అంటే, "ఏందక్కా, ఎగతాళా?" అని కోప్పడింది. ఆనాడు క్లాసులో టీచర్ నన్ను లేపి నిలబెట్టినప్పుడు నా ముఖం కూడా అలాగే ఉండి ఉంటుంది.

సినిమా బయటికి రాకముందే టీచర్ వెళ్లిపోయారు. చివరి సీను మాత్రం ఆసుపత్రి మంచం మీద నా ఫోనులో చూశారు. కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ పెట్టమన్నారు. ఏమంటారోనని చూస్తున్నాను. "చూశావటే, చెవుల వెనక కూడా రుద్దుకుంది. బట్టీ పనోళ్లు అట్నే కడుక్కుంటారు" అన్నారు. నా చెయ్యి పట్టుకుని ఇంకోసారి పెట్టమన్నారు. ఆవిడ అంత తృప్తిగా నవ్వడం నేను అంతకుముందు చూడలేదు.

నా ఆడిషన్ గదిలో ఒక మూల కుళాయి, పక్కన చిలక్కొయ్యకు ఉతికిన తువాళ్లు ఉంటాయి. కొత్తగా వచ్చినవాళ్లకు అవెందుకో తెలియదు. నిన్న వచ్చిన అమ్మాయికి ఒక తువాలు అందించి, ముఖం కడుక్కుని రమ్మన్నాను. ఆ పిల్ల తువాలు గుండెలకు అదుముకుని, తల వంచుకుని నిలబడింది.

"కడిగితే నల్లగా కనపడతానక్కా. మీకు నచ్చనేమో" అంది.

"వెతుక్కుంటా కూర్చున్నది నేనేనమ్మా" అన్నాను. "నిన్ను గుర్తుపట్టొద్దూ?"

ఆమె కుళాయి తిప్పింది.