సుబ్బారాయుడి బొమ్మకు నేను పూసిన బురద

పదహారేళ్ళుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. పెద్దదేమీ కాదు, రెండు మూడు మాటలు. నోటి నుంచి రావడానికి గుక్కెడు ఊపిరి కూడా పట్టలేదు. వెనక్కి తీసుకోవడానికి మాత్రం ఇన్నేళ్ళూ చాలలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియనక్కర్లేదు. తెలిసినవాళ్ళకు చెప్పుకోలేకనే మీకు చెప్తున్నాను. మధ్యలో ఎక్కడైనా నన్ను నేను వెనకేసుకొస్తున్నట్టు అనిపిస్తే నమ్మకండి. ఆ అలవాటు నాకు బాగా ఉంది.

నేను చల్లపల్లి దగ్గర ఒక హైస్కూల్లో హిందీ పండితుణ్ణి. మా నాన్న బందరు కోర్టులో గుమాస్తా. మా ఇంట్లో మగవాళ్ళ చేతులకు సిరా తప్ప ఇంకేదీ అంటేది కాదు. నాకు రంగుల పిచ్చి పట్టింది. తొంభైల మొదట్లో బందరులో పాత పుస్తకాలమ్మే బండి మీద ఒక ఇంగ్లీషు పత్రిక దొరికింది. నాలుగంగుళాల సిపాయి బొమ్మలు చేసి రంగులు వేసుకునేవాళ్ళ కోసం ఎక్కడో విదేశాల్లో వేసే పత్రిక. అందులో బొమ్మకు రంగు వెయ్యడం గురించి రెండు పేజీలుంటే, వేసిన రంగును మురికి చెయ్యడం గురించి ఆరు పేజీలున్నాయి. ఆ ఆరు పేజీలే నన్ను పట్టుకున్నాయి.

పైపుల లీకులకు పెట్టే సీలు ముద్దతో బొమ్మ చేసేవాణ్ణి. ఎనామిల్ పెయింటు వేసేవాణ్ణి. అక్కడి నుంచే అసలు పని మొదలయ్యేది. నల్లరంగును టర్పెంటైన్‌లో నీళ్ళలా పల్చన చేసి పూస్తే అది బట్ట మడతల్లోకి జారి చెమట మరకలా నిలిచేది. మా ఊరి కాలువ బురదను ఎండబెట్టి, దంచి, పాత పంచెలో జల్లించి, జిగురుతో కలిపి బూట్లకు అద్దేవాణ్ణి. ఆరిన బురద ఒక రంగు, తడి బురద ఒక రంగు. పాకిన మనిషికి మోకాళ్ళ దగ్గర ఎంత అంటుతుంది, తుపాకి పట్టిన చెయ్యిని ప్యాంటు మీద ఎక్కడ తుడుచుకుంటాడు, ఇవన్నీ ఆలోచించేవాణ్ణి. లోకమంతా మురికి వదలగొట్టుకోవడానికి చస్తుంటే మీరు పనిగట్టుకుని పులుముతున్నారని మా ఆవిడ నవ్వేది. నవ్వనీ అనుకునేవాణ్ణి. కానీ మెచ్చుకునే మనిషి ఒక్కడైనా దొరికితే బాగుండునని లోపల ఉండేది. చాలా ఉండేది.

సుబ్బారాయుడు నా దగ్గర చదువుకున్నాడు. దివిసీమలో సముద్రం ఒడ్డున ఒక పల్లె వాళ్ళది. ఉప్పెనలో తల్లీతండ్రీ పోతే అక్క నాంచారమ్మ పెంచింది. ఆమె చేపల తట్టతో బస్సెక్కి చల్లపల్లి వచ్చి అమ్ముకునేది. తమ్ముణ్ణి మాత్రం తట్ట ముట్టుకోనివ్వలేదు, పలకే పట్టించింది. వాడు హిందీ చకచకా రాసేవాడు. మిలిటరీలో చేరేముందు నెల రోజులు మా ఇంటికొచ్చి మాట్లాడటం కూడా నేర్చుకున్నాడు. నాలుగేళ్ళు తిరక్కుండా ఒక సిపాయి వాడి అస్థికలు తెచ్చి ఇచ్చి వెళ్ళాడు. ఆ సిపాయికి తెలుగు రాదు. కాశ్మీరు వైపు కొండల్లో, డ్యూటీలో ఉండగా పోయాడని మాత్రం ఊళ్ళోవాళ్ళకు అర్థమైంది. తర్వాత ఏవో ఆఫీసు కాగితాలు వచ్చాయి. వాటిలో ఏముందో ఆమెకు ఎవరూ విప్పి చెప్పలేదు, వేలిముద్ర ఎక్కడ వెయ్యాలో చూపించారు.

నేను సిపాయి బొమ్మలు చేస్తానని తమ్ముడి నోట విని ఉంది. ఒకరోజు బడికి వచ్చింది. తట్ట గోడ అవతలే పెట్టి, కొంగుకు చెయ్యి తుడుచుకుని ఒక ఫోటో ఇచ్చింది. గుడివాడలో రైలెక్కేముందు స్టూడియోలో తీయించుకున్నది. ఇస్త్రీ యూనిఫారం, మెరిసే బూట్లు. ఇట్టాగే చేసి పెట్టమని అడిగింది. శుభ్రంగా ఉండాలని రెండుసార్లు చెప్పింది. ఎందుకు రెండుసార్లు చెప్పిందో నేను అడగలేదు.

చేశాను. నెల పట్టింది. ముఖం బాగా కుదిరింది, ఆ ఎడమ కనుబొమ్మ కొంచెం పైకి ఉండటం కూడా వచ్చింది. బట్టలు మాత్రం తళతళా ఉన్నాయి. పెళ్ళికొడుకులా నిలబడి ఉన్నాడు. నాకు అది బొమ్మలా అనిపించింది, తిరనాళ్ళలో అమ్మే బొమ్మలా. సరిగ్గా అప్పుడే గుడివాడ కాలేజీలో ఉపాధ్యాయుల చేతిపనుల ప్రదర్శన అన్నారు. నా దగ్గర ఉన్నవాటిలో ముఖం అంత బాగా కుదిరిన బొమ్మ ఇంకోటి లేదు. ఇంత శుభ్రమైన బొమ్మను తీసుకెళ్తే నా పనితనం ఎవరికి తెలుస్తుంది?

ఆ వారంలోనే ఆమె ఒక ఉత్తరం తెచ్చింది. సుబ్బారాయుడి స్నేహితుడు, వాడితో పనిచేసిన సిపాయి, హిందీలో రాసిన ఉత్తరం. బస్సు వెళ్ళిపోతుందని, ఆదివారం వస్తానని, అప్పటికి చదివి పెట్టమని చేతిలో పెట్టి పరిగెత్తింది.

చదివాను. పదకొండు రోజులు జ్వరం, కామెర్లు. క్యాంపు ఆసుపత్రిలో మంచం మీద పోయాడు. తెల్ల దుప్పటి కప్పారు. చివరి రోజు గడ్డం గీయించుకున్నాడు. స్నేహితుడు పక్కనే కూర్చుని చెయ్యి పట్టుకున్నాడు. అక్క పేరు రెండుసార్లు పిలిచాడు. వేన్నీళ్ళతో స్నానం చేయించి, కొత్త యూనిఫారం తొడిగి పంపామని, మీ తమ్ముడికి ఏ లోటూ రానివ్వలేదని ఆ సిపాయి రాశాడు. నా కళ్ళు తడిశాయి. ఆ తడి నిజమే. నిజమని చెప్పి నేనేం సాధిస్తాను? శనివారం మధ్యాహ్నం అదే కళ్ళతో చూసుకుంటూ బొమ్మకు బురద పూశాను.

ముందు బూట్లకు కొంచెమే అనుకున్నాను. తర్వాత మోకాళ్ళకు. తర్వాత మోచేతులకు, ఛాతీకి. ఎంత బాగా వస్తోందో! అంత బాగా ఎప్పుడూ రాలేదు. రాలిపోకుండా బురద మీద రెండు పూతలు వార్నిష్ వేశాను. ముఖం మెరిస్తే బాగుండదని ముఖానికి వెయ్యలేదు. పూస్తున్నంతసేపూ ఆమె అడిగిన మాట గుర్తు రాలేదా? వచ్చింది. చూస్తే ఆమెకూ నచ్చుతుందిలే అనుకున్నాను. అసలు సిపాయి అంటే ఇలా ఉంటాడని ఆమెకేం తెలుసు అనుకున్నాను.

ఆదివారం వచ్చింది. బొమ్మను రెండు చేతుల్లోకి తీసుకుని చాలాసేపు చూసింది.

"ఇదేంటండీ మేష్టారూ, బురదేసేశారు?"

"సిపాయి అట్లాగే ఉంటాడు నాంచారమ్మా. సరిహద్దులో మరి ఇస్త్రీ బట్టలుంటాయా?"

"శుభ్రంగా ఎయ్యమన్నాను గదండీ. ఉప్పెనప్పుడు మా అమ్మనీ నాయన్నీ బురదలోంచి లాగి చూపించారండీ నాకు. మొకాలు కూడా తెలవలేదు. ఈడినన్నా తెల్లగా చూసుకుందామని అడిగాను."

నేను బొమ్మనే చూస్తున్నాను. ఆమే మళ్ళీ అడిగింది.

"ఉత్తరంలో అట్టా రాశారా అండీ? ఆడూ బురదలోనే పోయాడా?"

ఇక్కడ ఆగుతాను. పదహారేళ్ళుగా ఇక్కడే ఆగుతున్నాను. ఉత్తరం నా జేబులోనే ఉంది. లేదమ్మా, మంచం మీద పోయాడు, నేనే నా సరదా కోసం బురద పూశాను అంటే సరిపోయేది. ఆమె నన్ను తిట్టే మనిషి కూడా కాదు. కడిగి ఇమ్మనేది, అంతే. గుడివాడ ప్రదర్శనకు వారం ఉంది. నాకు గుర్తొచ్చింది గుడివాడ.

"అవునమ్మా. కందకంలో. బురదలో."

ఆమె కింద కూర్చుండిపోయింది. ఏడవలేదు. కింద నుంచే అడిగింది.

"పక్కన ఎవురన్నా ఉన్నారంటండీ?"

కందకంలో బురదలో పడిపోయిన మనిషి పక్కన చెయ్యి పట్టుకుని ఎవరుంటారు? కథ అతకదు. "ఆ సంగతి రాయలేదు" అన్నాను. మొదటి అబద్ధం బొమ్మ కోసం ఆడాను. ఈ రెండోది దేనికోసం ఆడాను? మొదటిది అతకడం కోసం. ఇప్పటికీ నన్ను ఎక్కువ కోసేది ఈ రెండోదే.

"అయితే ఆ బురద ఉంచండి" అంది, బొమ్మ నా చేతికిస్తూ. "అట్టా పోతే అట్టానే ఉండాల." గుడివాడ ప్రదర్శనలో పెట్టి, అయ్యాక తెచ్చి ఇస్తానంటే సరేనంది. ఉత్తరం కూడా నా దగ్గరే ఉంచమంది. చదవలేనిది ఇంట్లో ఉంటే ఊరికే ఏడుపొస్తుందట. ఆ మాటకు నాకు గుండెల మీద నుంచి బండ దిగినట్టయింది. చూశారా, అప్పుడు కూడా నాకు నా సంగతే. ఆమె తరఫున ఆ సిపాయికి హిందీలో జవాబు నేనే రాశాను. ఆ జవాబులో మాత్రం అబద్ధం ఒక్కటీ లేదు.

గుడివాడలో మొదటి బహుమతి వచ్చింది. బురద చూస్తుంటే చేతికి అంటుకునేలా ఉందని కాలేజీ లెక్చరర్లు మెచ్చుకున్నారు. ఎన్నేళ్ళుగానో కోరుకున్న మాట. నాంచారమ్మ మొగుణ్ణి వెంటబెట్టుకుని చూడటానికి వచ్చింది. జనం వెనక నిలబడి, మా తమ్ముడండీ, అట్టాగే పోయాడండీ అని పక్కవాళ్ళకు చెప్తోంది. ఎవరో ఆమెకు దణ్ణం పెట్టారు. నేను అవతలి బల్ల దగ్గర ఎవరో అల్లిన బుట్టలు చూస్తున్నట్టు నటించాను.

రెండేళ్ళ తర్వాత ఎన్నికల డ్యూటీ వాళ్ళ పల్లెలోనే పడింది. ఇంటికి తీసుకెళ్ళి మజ్జిగ ఇచ్చింది. దేవుడి పటాల పక్కన బొమ్మ ఉంది. దగ్గరికెళ్ళి చూస్తే ముఖం లేదు. కళ్ళు, కనుబొమ్మలు, మీసం అన్నీ చెరిగిపోయి తెల్లగా ఉంది.

"రోజూ తడిగుడ్డ పెట్టి తుడుస్తన్నానండీ" అంది. "ఆ మోకాళ్ళ మీదది పోవట్లేదు. ఏం తప్పుగా తుడుస్తన్నానో."

వార్నిష్ సంగతి చెప్పలేదు. ముఖం మళ్ళీ దిద్ది ఇస్తానన్నాను. ఒద్దండీ, మీకెందుకు శ్రమ అంది. మజ్జిగ తాగి పోలింగు బూతుకు వచ్చేశాను. ఆ రోజు నుంచి మళ్ళీ బ్రష్షు పట్టలేదు. అదేదో శిక్ష వేసుకున్నానని అనుకోకండి. పట్టబుద్ధి కాలేదు, అంతే.

చివరిసారి ఆమెను బందరు ఆసుపత్రిలో చూశాను. కిడ్నీలు పాడయ్యాయని వాళ్ళ అమ్మాయి కబురు చేసింది. ఆ రోజు నిజంగా చెప్పాలనే వెళ్ళాను. ఉత్తరం పట్టుకెళ్ళాను. దారి పొడుగునా బస్సులో మాటలు కూర్చుకున్నాను. వార్డులో చూస్తే మంచం ఖాళీగా ఉంది. నాంచారమ్మ కింద చాప మీద పడుకుని ఉంది. నర్సు విసుక్కుంటోంది. ఇంటి దగ్గర కూడా అంతేనట, తమ్ముడి ఉత్తరం వచ్చినప్పటి నుంచి మంచమెక్కలేదని వాళ్ళ అమ్మాయి చెప్పింది.

"పైకెక్కి పడుకో నాంచారమ్మా" అన్నాను.

"ఆడికి లేని మంచం నాకెందుకండీ మేష్టారూ" అంది.

నేను తెచ్చిన బత్తాయిలు ఆమె తల దగ్గర పెట్టాను. చెప్పాలి కదా అప్పుడైనా? చెప్తే, ఇన్నేళ్ళూ నువ్వు నేల మీద పడుకున్నది తమ్ముడి కోసం కాదు, గుడివాడలో నాకొచ్చిన బహుమతి కోసం అని చెప్పాలి. పోయేముందు ఆమెకెందుకు ఆ బాధ అనుకున్నాను. అలా అనుకోవడం నాకు ఎంత తేలికో చూడండి. తమ్ముడు చల్లగా పోయాడని వింటే ఆమెకు ఎంత ఊరట! ఆ ఊరట కన్నా ఆమె కళ్ళల్లో నా మర్యాద నాకు ఎక్కువైంది. మందులు వేళకు వేసుకొమ్మని చెప్పి లేచాను. వారం తిరక్కుండా పోయింది, చాప మీదే.

మీరు ఆమె కాదు. మీకు చెప్తే ఆమెకు చెప్పినట్టు కాదని తెలుసు. క్షమించమని అడగడం లేదు, క్షమించే హక్కున్న మనిషి లేదు. ఆ ఉత్తరాన్ని నేను ఎవరికీ పైకి చదివి వినిపించలేదు. ఆ ఆదివారం చదవవలసింది ఇప్పుడు చదువుతున్నాను, కాస్త ఓపిగ్గా వినండి. నాంచారమ్మ తమ్ముడు మంచం మీద పోయాడు. ఒంటి మీద తెల్ల దుప్పటి ఉంది. పక్కన మనిషి ఉన్నాడు, చివరిదాకా చెయ్యి వదల్లేదు.