రాజుల తల వెనక బంగారు వలయం

పగలు ఎం.ఏ. క్లాసులో మధ్యయుగపు రాజుల బొమ్మల మీద సెమినార్ పేపరు, సాయంత్రం కూర్మన్నపాలెంలో ఫ్లెక్సీల డిజైనింగ్. రెండూ ఒకటే పని అని తెలియడానికి నాకు వారం పట్టింది. క్రైస్తవ చిత్రాల్లో రాజుకి క్రీస్తే స్వయంగా కిరీటం పెడతాడు. బొమ్మకి ఖర్చు పెట్టుకున్నవాడు కాళ్ల దగ్గర ఎలకంత ఉంటాడు. ఇస్లామిక్ పళ్లేల మీద సుల్తాను చేతిలో గిన్నెతో బాసింపట్టు వేసుకుని కూర్చుంటాడు. కొలువు మొత్తానికీ ఒకటే ముఖం, పెద్దవాడెవడో సైజు చెబుతుంది. మా షాపులోనూ అంతే.

ఒకరోజు ఇక్కడి ఫ్యాక్టరీలో ఓ కాంట్రాక్టు కార్మికుడు పోయాడు. అతని భార్య గేటు పాసు మీది ఫోటో తెచ్చింది. అంతకన్నా పెద్దది వాళ్లింట్లో లేదు.

"రోజూ ఆ జంక్షన్లోనే బస్సెక్కీవోడు బాబూ. ఒక్కరోజు అందరూ సూడాల. పెద్దగా ఎయ్యి," అంది.

ఫ్లెక్సీ వేయించేది మాత్రం స్థానిక నాయకుడి అనుచరుడు. "ఏటి బావా, పోయినోడు అన్న కన్నా పెద్దగున్నాడేటి? తగ్గించు."

తగ్గించాను. మూల్లో అరచేయంత మిగిలాడు.

పాపం అనిపించి చదువు వాడాను. రాజు తల వెనక బంగారు వలయం గీయడం ఆ రెండు మతాల చిత్రకారులకూ అలవాటే. దాన్నే తెచ్చి, పోయినవాడి తల వెనక పెట్టాను. అనుచరుడు మురిసిపోయాడు. "అబ్బో, ఎలాగ మెరిసిపోతందో! దాన్ని అన్నకెట్టెయ్."

పెట్టాను. ఈసారి కిరీటం పెట్టిన చెయ్యి నాదే.

మర్నాడు పొద్దున జంక్షన్లో పైన 'అశ్రునివాళి', కింద ఆరడుగుల నాయకుడు, తల వెనక ధగధగలు. షిఫ్టుకి వెళ్లేవాళ్లు హెల్మెట్లు తీసి నిలబడ్డారు. తొమ్మిదింటికల్లా నాయకుడింటికి పూలదండలు చేరాయి. మొదటిది ఆయనే తలుపు తీసి అందుకున్నాడట.

అనుచరుడు వచ్చి ముందు నా చెంప పగలగొట్టాడు. తర్వాత ఫ్లెక్సీ దింపించి, అన్న ముఖం నేలకి తగలకూడదని బ్లేడుతో జాగ్రత్తగా కోసి, చుట్టి, రెండు చేతులతో మోసుకెళ్లాడు.

మట్టి చేసి సమాధుల తోట నుంచి పోయినవాడి భార్య వచ్చేసరికి మిగిలింది నిలువెత్తు కన్నం, మూల్లో అరచేయంత మొగుడు. ఇప్పుడా ఫ్లెక్సీలో అందరికన్నా పెద్ద ముఖం అతనిదే. ఈ మాట సెమినార్లో బాగుంటుందనుకున్నాను. వాడుకున్నాను కూడా, మంచి మార్కులు వచ్చాయి.

ఆమె ఆ ఫ్లెక్సీని మడిచి చంకలో పెట్టుకుంది.

"అందరూ సూసీసేరా బాబూ?"

"సూసీసేరక్కా," అన్నాను.