వేలాడే పడవ బరువు

కాకినాడలో పుట్టినందుకు నాకు పంజాగుట్టలో ఒక హోదా ఉండేది. చీరల షాపు మీద రెండో అంతస్తులో మా డ్రాయింగ్ ఆఫీసు. ఎనిమిది మందిమి. విదేశాల్లో పడవల సామాను తయారుచేసే ఒక చిన్న కంపెనీకి కంప్యూటర్ మీద డ్రాయింగులు గీసి పంపడం మా పని. ఎవరికి ఏ అనుమానం వచ్చినా మా సార్ "ఆవిణ్ని అడగండి, ఆవిడది సముద్రం ఊరు" అనేవారు. మా నాన్న పోర్టు ఆఫీసులో గుమాస్తా. నేను ఎక్కిందల్లా గోదావరి మీద లాంచీ, అదీ రెండు సార్లు. ఆ సంగతి నేనెవరికీ చెప్పలేదు.

ఆ హోదా నాకు చాలా అవసరం. అమీర్‌పేట లేడీస్ హాస్టల్లో నా గదిలో ఉండే మిగతా ముగ్గురూ సాఫ్ట్‌వేర్ వాళ్లు. కిందికి దిగితే వీధి పొడవునా కోచింగ్ సెంటర్ల బోర్డులు, మూడు నెలల్లో బతుకు మారిపోతుందని చెప్పే కరపత్రాలు. ఆ ముగ్గురికీ నిజంగానే మారింది. మెడలో కంపెనీ బ్యాడ్జీ వేసుకుని హాస్టల్ మెస్సుకు కూడా అలాగే వచ్చేవాళ్లు. నాకు ఒళ్లు మండేది. "నువ్వేం చేస్తావు?" అని ఎవరైనా అడిగితే "ఓడల డిజైన్" అని చెప్పి, వాళ్ల మొహాలు చూసి కాస్త చల్లబడేదాన్ని.

ఒక వానాకాలం మాకు కొత్త పని వచ్చింది. సొంత తెరచాప పడవల్లో దేశాలు తిరిగేవాళ్లు ఉంటారు. ఆ పడవ ఒడ్డుదాకా రాలేదు కాబట్టి, ఒడ్డుకు వెళ్లి రావడానికి గాలి నింపిన చిన్న రబ్బరు పడవ ఒకటి వెంట పెట్టుకుంటారు. దాన్ని డింగీ అంటారు. ప్రయాణంలో డింగీని పెద్ద పడవ వెనక, నీళ్ల మీద గాల్లో వేలాడదీయడానికి రెండు వంపు ఉక్కు చేతులు ఉంటాయి. అవి డేవిట్లు. మేం వాటిని కొంగమెడలు అనేవాళ్లం. వాటిని గీసి, ఎంత బరువు ఆపుతాయో లెక్క కట్టి పంపాలి. డింగీ బరువు, దాని మోటారు బరువు, ఊగినప్పుడు పడే అదనపు భారం కలిపి నేను లెక్క తేల్చాను. గోడౌన్ షెడ్ల డ్రాయింగులతో జుట్టు నెరిసిన మా సార్‌కి అందులో తప్పేమీ కనబడలేదు.

అప్పుడే మా ఆఫీసులో ఒక కొత్త అమ్మాయి చేరింది. బోరబండ నుంచి రెండు బస్సులు మారి వచ్చేది. నాకంటే నాలుగేళ్లు చిన్న. సముద్రం ఎప్పుడూ చూడలేదట, ఆమె చూసిన పెద్ద నీళ్లు హుస్సేన్‌సాగర్. ఇంట్లో ఉర్దూ, మాతో తెలుగు. చేరిన వారానికే నేను రెండు రోజులు తీసుకునే డ్రాయింగు ఒక్క పూటలో గీసింది. గీతలు నా కంటే శుభ్రంగా ఉన్నాయి. సార్ దాన్ని ప్రింటు తీసి గోడకు అంటించారు. నేను దాని ముందు నుంచి నడవకుండా అటు తిరిగి నీళ్ల కుండ దగ్గరకు వెళ్లేదాన్ని.

ఒక మధ్యాహ్నం నా స్క్రీన్ చూస్తూ అడిగింది. "అక్కా, వాన వడితే గీ పడవల నీళ్లు నిండుతయ్ గదా? గప్పుడు బరువు ఎంతైతది?"

"పడవలో నీళ్లు నిండటమేంటి? అడుగున బిరడా ఉంటుంది. తీస్తే కారిపోతాయి" అన్నాను.

"తీసుడు మర్చిపోతే? లేకుంటే చెత్త అడ్డం వడితే? మా ఇంటి మీద నీళ్ల డ్రమ్ములు ఉంటయ్ అక్కా. నల్లా రోజు విడిచి రోజు వస్తది, అన్నీ నింపి పెడ్తం. ఒకపాలి రెండు డ్రమ్ములు ఒక్క దిక్కే పెడితే రేకు కింది దూలం వంగింది. ఖాళీ డ్రమ్ముతోని ఏం ఫికర్ లేదు, నీళ్లతోనే."

ఒక కాగితం మీద లెక్క వేసి కూడా చూపించింది. లీటరుకు కిలో. డింగీ అంచుల దాకా నిండితే నా లెక్కకు ఆరింతలు దాటుతోంది. "సముద్రం సంగతి నాకు తెలుసులే" అని కాగితం వెనక్కి ఇచ్చేశాను. ఆమె మొహం చిన్నబోయింది. నాకు హాయిగా అనిపించింది. అది కూడా దాచకుండా రాస్తున్నాను.

మర్నాడు ఆదివారం. హాస్టల్ డాబా మీద బట్టలు నానబెట్టే పెద్ద టబ్బు రాత్రి వానకు నిండి ఉంది. ఒంపేద్దామని అంచు పట్టుకున్నాను. కదల్లేదు. రెండు చేతులా లాగాను, వేళ్లు నొప్పి పుట్టాయి తప్ప అది అంగుళం లేవలేదు. తడి డాబా మీద చతికిలబడి ఆ టబ్బు వైపు చూస్తుండిపోయాను. ఆ పిల్ల చెప్పింది నిజం. నాది తప్పు. పైగా ఆ తప్పు సంగతి నాకూ ఆ పిల్లకూ తప్ప ఎవరికీ తెలియదింకా.

సోమవారం అందరికంటే ముందు ఆఫీసుకు వెళ్లి లెక్క మార్చాను. నీళ్లు నిండిన బరువుకు తట్టుకునేలా కొంగమెడల గొట్టాల మందం పెంచాను. రెండు చేతుల మధ్య అడ్డంగా ఇంకో కడ్డీ చేర్చాను. మా ఆఫీసులో ఒక పద్ధతి ఉంది. డ్రాయింగు మూల చిన్న గడిలో, ఏ మార్పు ఎవరు ఆలోచించారో వాళ్ల పొడి అక్షరాలు వేయాలి. నీళ్ల మార్పు పక్కన నావి వేశాను. ఆ అమ్మాయి సాయంత్రం కొత్త డ్రాయింగు చూసింది. ఆ గడి కూడా చూసింది. "మంచిగైంది అక్కా" అని తన కుర్చీకి వెళ్లింది.

కొంగమెడలు తయారై, ఒక వృద్ధ జంట పడవకు అమిరాయి. మరుసటి చలికాలం ఆ పడవ గోవా చేరింది. అక్కడి నుంచి కొచ్చికి వెళ్తుంది. కంపెనీ మెయిల్ రాసింది: నీళ్ల బరువు సంగతి ఆలోచించిన మనిషిని ఆ ప్రయాణానికి పంపండి, అవి సముద్రంలో ఎలా పనిచేస్తున్నాయో కళ్లారా చూసి రాయాలి. ఒక్కరికే చోటు. మెయిల్ చదవగానే మెట్ల మీదికి పరుగెత్తి అమ్మకు ఫోన్ చేశాను. "సముద్రం మీద వెళ్తున్నానమ్మా, నన్నే పిలిచారు" అన్నాను. మా అమ్మ ఫోన్లోనే ఏడ్చింది. "ఏడవకమ్మా" అని పదేపదే అన్నాను. సార్ ఇంకా ఎవరి పేరూ చెప్పలేదు. గంట తర్వాత ఆ అమ్మాయిని తన గదిలోకి పిలిచారు. ఆ తలుపు మూసి ఉన్నంతసేపూ నేను దాని వైపే చూస్తూ కూర్చున్నాను. తర్వాత నన్ను పిలిచి "నువ్వే వెళ్లు" అన్నారు. మొహంలో ఏ భావమూ లేదు. నేను పట్టించుకోలేదు.

గోవాలో పడవ ఎక్కాక ఈ సముద్రం ఊరి పిల్ల మొదటి రోజంతా వాంతులతో బకెట్ ముందే కూర్చుంది. ఆ జంటలో ముసలాయన బయలుదేరే ముందు డింగీకున్న మోటారు విప్పి పెద్ద పడవ రెయిలింగుకు బిగించాడు, డింగీ అడుగున బిరడా తీశాడు, అది ఊగకుండా అడ్డంగా పట్టీలు లాగి కట్టాడు. నేను వాంతుల మధ్య అదంతా గుర్తు తెచ్చుకుని నోట్ చేసుకున్నాను. రెండో రోజు మధ్యాహ్నం గాలి వెనక నుంచి పెరిగింది. ఒక అల మా వెనక లేచి నేరుగా డింగీలో పడింది. ఇంకొకటి. బిరడా రంధ్రానికి లోపల మర్చిపోయిన తుడుపు గుడ్డ అడ్డం పడింది. నీళ్లు దిగడం లేదు. నిండిన డింగీ రెండు ఉక్కు చేతుల మీద బరువంతా వేసి కిందికి లాగుతోంది. అవి విరిగితే డింగీతో పాటు పెద్ద పడవ వెనక భాగమూ ఊడుతుంది. ముసలాయన తాడు కట్టుకుని వెనక్కి పాక్కుంటూ వెళ్లి గుడ్డ లాగేసేవరకు నేను రెయిలింగు వదల్లేదు. కొంగమెడలు వంగలేదు.

ఆయన తడిసి ముద్దై వచ్చి నా భుజం తట్టాడు. ఈ నీళ్ల ఆలోచన నీదేనా అని అడిగాడు. ఆయన భార్య కూడా నా వైపే చూస్తోంది. అవునన్నాను.

తిరిగి వచ్చాక ఆ అమ్మాయి నా కుర్చీ పక్కన స్టూలు వేసుకుంది. అల ఎంత ఎత్తు, నీళ్ల రంగు ఏంది, రాత్రి ఎట్లుంటది, అన్నీ అడిగింది. చెప్పాను. గుడ్డ అడ్డం పడిన సంగతి చెబుతుంటే ఆమె చేతులు రెండూ ఒళ్లో బిగుసుకున్నాయి. నాకే ఎందుకో ఉండబట్టలేక అబద్ధం ఆడాను. "ఆలోచన ఎవరిదని అడిగారు. మన ఆఫీసు మొత్తానిదీ అని చెప్పాను."

ఆమె నవ్వింది. "ఎందుకక్కా గట్ల చెప్పినవ్? నీదే అని చెప్పాలె. నేను సార్‌కు గదే చెప్పిన."

"సార్‌కి ఏం చెప్పావు?"

"నీళ్ల లెక్క కాగితం అప్పుడే సార్‌కు సుత చూపించిన. గందుకే మెయిల్ రాంగనే నన్ను పిలిచి పోతవా అన్నడు. నేను వద్దన్న. అక్కను పంపుండ్రి అన్న."

అడిగాను. "నీకు వెళ్లాలని లేదా?"

"మస్తు ఉండె అక్కా. ఇంట్ల సుత ఒప్పించిన." చాలా మామూలుగా అంది. "మెట్ల మీద నువ్వు అమ్మకు ఫోన్ చేస్తుంటే విన్న. గామె ఏడ్చింది గదా. మళ్ల పోతలేనని ఎట్ల చెప్తవ్?"

సార్ పిలిస్తే లేచి వెళ్లింది. ఆమె గీతలు నా కంటే శుభ్రంగా ఉండటం నేను ఎలాగో మింగగలిగాను. ఇది మాత్రం ఇన్నేళ్లైనా మింగుడు పడలేదు. ఆ కొంచెం మంచితనం అయినా నాకు ఉండి ఉంటే బాగుండేదని, అది కూడా ఆమెకే ఎందుకు ఉందని, ఇప్పటికీ కుళ్లుకుంటూనే ఉన్నాను.